యాభయ్యో సినిమా

కొత్తకోట బస్టాండులో గద్వాల బస్సు కోసం కూర్చుని ఉండగా, పక్క బెంచీ మీది పెద్దాయన ఫోన్‌లోంచి నా వాక్యాలు వినిపించాయి.

"ఆ తల్లి ఏడవదు. కడిగిన గిన్నె తుడిచి బోర్లిస్తుంది. మా ఇంట్లో గిన్నెలు బోర్లించేటప్పుడల్లా నాకు ఆమె చెయ్యే గుర్తొస్తుంది."

మగ గొంతు. బాగా తెలిసిన గొంతు. మూడేళ్ల కొడుకు నా ఒళ్లో నిద్రపోతున్నాడు. ఎనిమిదేళ్ల కూతురు బిస్కెట్ పొట్లం విప్పమని మోచెయ్యి లాగుతోంది. పొట్లం విప్పకుండానే తిరిగి దాని చేతిలో పెట్టేశాను. పిల్లల నుదుటి మీద చెయ్యి వేయకముందే ఒక్కోసారి జ్వరం సంగతి తెలిసిపోతుంది. ఇదీ అలాగే తెలిసింది. ఆ గొంతు మా బావది, అంటే నా భర్తకు అన్న. ఆ మాటలు నా నోట్‌బుక్‌లో పదకొండో పేజీలోవి. మా బావ పుట్టి బుద్ధెరిగాక ఒక్క గిన్నె కడిగిన మనిషి కాదు.

"ఎవలమ్మా, తెలిసినాయననా?" అని ఆ పెద్దాయన అడిగాడు, నేను అలా చూస్తుంటే. "మంచిగ సెప్తడు సారు. వారం వారం ఒక సినిమా సెప్తడు."

తెలిసినాయనే అన్నాను. బస్సు వచ్చింది. తిమ్మాజిపేటలోని మా అమ్మ కట్టిచ్చిన పచ్చడి డబ్బా బెంచీ మీదే మరిచిపోయి ఎక్కేశాను.

దీనికంతటికీ మొదలు వనపర్తిలో ఉంది. మా బావ అక్కడ జూనియర్ కాలేజీలో లెక్చరరు. ఆయన కొత్త ఇంటి గృహప్రవేశం రోజు, భోజనాలయ్యాక మగవాళ్లు హాల్లో కూర్చుని టీవీలో ఏదో పాత విదేశీ సినిమా చూస్తున్నారు. చాలా అవార్డులు వచ్చిన సినిమా అట. చాయ్ అందిస్తూ అక్కడే నిలబడిపోయి, చివరి దృశ్యం బాగుందని ఒక మాట అన్నాను. నేనూ నాగర్‌కర్నూల్‌లో బీఏ చదివినదాన్నే కదా, ఒక మాట అనడానికి అంత అర్హత చాలనుకున్నాను.

బావ నావైపు తిరిగి నవ్వాడు. "నీకెందుకమ్మా గివన్ని? గీ సినిమాలు సూడాల్నంటె ఓపిక గావాలె, సదువు గావాలె. మీకు పొద్దుమీకి సీరియల్ ఉండనే ఉండె గద."

హాలంతా నవ్వింది. వంటింట్లోంచి ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మా తోటికోడలు, గట్టిగానే అంది: "సీరియల్ సూసెతందుకు గూడ మాకు యాడ తీరుతది? మీ చాయ్ గ్లాసులు కడిగేవరకే అది అయిపోతది." ఇంకాస్త నవ్వారు. నా భర్త కూడా నవ్వాడు. అది నాకు బాగా గుర్తుంది.

"యాభై సూస్త బావా," అన్నాను. "ఏడాదిల యాభై. ఒక్కోదాని మీద ఒక పేజీ రాస్త."

"రాయి రాయి. రాసి నాకు సూపియ్యి, తప్పులు దిద్దుత."

అలా పట్టిన పట్టు. మా ఇల్లు గద్వాలలో. మధ్యాహ్నం చిన్నవాడు పడుకోగానే ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకునేదాన్ని. ఇయర్‌ఫోను ఒక చెవికే. రెండో చెవి వాడి కోసం. వాడు ఉలిక్కిపడితే, తలుపు చప్పుడైతే, కుక్కర్ విజిల్ ఎక్కువైతే వినబడాలి. నాకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానని తెలిసినా మళ్లీ లేచి చూస్తాను. అందుకే ఒక్కో సినిమా మూడు నాలుగు మధ్యాహ్నాలు పట్టేది. నాకు నేనే నియమాలు పెట్టుకున్నాను: ముందుకు జరపకూడదు, ఇంకొకరు ఏమన్నారో ముందుగా చదవకూడదు, ఒకదాని మీద పేజీ నిండకుండా రెండోది మొదలుపెట్టకూడదు. కూతురి స్కూల్ ఆటో కోసం గడప మీద కూర్చునే ఆ అరగంటలో రాసేదాన్ని.

ఒక సినిమాలో మూసిన తలుపునే చాలాసేపు చూపించారు. ఫోను ఆగిపోయిందేమోనని రెండుసార్లు తట్టి చూశాను. ఆ పేజీలో "నాకు విసుగొచ్చింది, అయితే ఆ తలుపు ఇంకా కళ్లముందే ఉంది" అని రాశాను. ఊరంతా ఖాళీ అయిపోయినా రోజూ షట్టరెత్తే చెప్పుల దుకాణందారు సినిమా చూసినప్పుడు మాత్రం ఏమీ రాయలేక రెండు రోజులు తిరిగాను. నాకు అర్థం కానివి అర్థం కాలేదనే రాశాను. అవార్డు వచ్చిందని పొగడలేదు. ఆ నోట్‌బుక్‌లో ఏదైనా విలువ ఉంటే అదొక్కటే.

కొత్తకోట నుంచి ఇల్లు చేరాక బావ ఛానెల్ వెతికి పట్టుకున్నాను. ఇరవై ఎనిమిది వీడియోలు. ఇరవై ఎనిమిదీ నావే. నేను "విసుగొచ్చింది" అన్నచోట ఆయన "మహత్తరమైన నిశ్శబ్దం" అన్నాడు. తక్కినదంతా పొల్లు పోకుండా చదివాడు.

నా భర్తది సీడ్ పత్తి సాగు. పొద్దుగూకాక చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను.

"నా నోట్‌బుక్ ఎవలకన్న ఇచ్చినవా?"

"నేనెందుకిస్త?"

"మరి?"

చెంబు కింద పెట్టాడు. "ఫోటోలు తీసి అన్నకు పంపిన."

"ఎన్ని?"

"అన్ని."

"ఎందుకు?"

"ఎందుకంటె ఏం చెప్తం... అన్న సూడకుంట మనింట్లకెల్లి ఏదన్న బయటికి పోయిందా? నువ్వు మంచిగ రాస్తున్నవని ఆయనకు తెల్వాలనుకున్న. తప్పా గది?"

"ఆయన ఏమన్నడు?"

"ఏమనలే. ఇంకున్నయా అన్నడు."

ఇది మా అత్తగారింటి పద్ధతి. మా మామ పోయినప్పటి నుంచి, కౌలు కాగితమైనా, పెళ్లి పత్రికైనా, పిల్లల పేరైనా పెద్దకొడుకైన బావ చూసి సరే అన్నాకే ముందుకు కదలాలి. నా కొడుక్కి పెట్టాలనుకున్న పేరు కూడా అలాగే మారిపోయింది. బావ హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే, ఏడో తరగతిలో బడి మానేసి చేను చేసినవాడు నా భర్త. అయినా ఆయనకు అన్న మీద ఈర్ష్య లేదు. గౌరవమే ఉంది. నా పేజీలను ఫోటోలు తీసింది ఆ గౌరవంతోనే. అందుకే ఆయన మీద పూర్తిగా కోపగించుకోలేకపోయాను. ఆ కోపం కూడా మిగిలిపోయి బావ లెక్కలోనే చేరింది.

వీడియో చూపించాను. ఆయన చివరిదాకా చూసి, "గిది నీదే," అన్నాడు, ఎవరో కాదన్నట్టు. "నేను అడుగుత అన్నను," అన్నాడు.

"వద్దు. అడిగితె ఏమంటడో నాకు తెలుసు. ఒక ఇంటోళ్లం, ఎవలు సెప్తె ఏందంటడు. నువ్వు ఊ అని వస్తవ్. ఫోటోలు పంపుడు మాత్రం ఆపకు."

"ఆపొద్దా?"

"ఆపొద్దు."

నెల తిరక్కుండానే బావ నుంచి కబురు. ఛానెల్లో చెప్పినవీ, ఇంకా చెప్పనివీ కలిపి పుస్తకం వేస్తున్నాడట. యాభై సినిమాల మీద యాభై వ్యాసాలు. ఆవిష్కరణ సొంత ఊరివాళ్ల మధ్య, గద్వాలలోనే. "ఇప్పటికి నలభై ఏడే వచ్చినయి, మిగిలినయి జల్ది పంపమను," అని తమ్ముడికి ఫోన్‌లో చెప్పాడు. స్పీకర్ పెట్టి ఉంది. నేను రొట్టెలు చేస్తున్నాను. పెనం మీద రొట్టె మాడింది. "పంపమను" అట. ఆ పంపేదెవరో ఆయనకు బాగా తెలుసన్నమాట.

అచ్చులో ఆయన పేరు పడిపోతే ఆ పేజీలు ఇక ఎప్పటికీ నావి కావు. తర్వాత నేను ఎక్కడ ఏం రాసినా, బావ రాసింది చూసి రాసిందనే అంటారు. ఇంకో ఏడాది మధ్యాహ్నాలు ఎక్కణ్ణుంచి తేను?

నలభై ఎనిమిది, నలభై తొమ్మిది నిజంగానే చూసి నిజంగానే రాశాను. యాభయ్యో సినిమా లేదు. దాన్ని నేను అల్లాను.

"మూడో సాలు" అని పేరు పెట్టాను. మధ్య ఆసియాలో పత్తి పండే ఒక దేశం, నలుపు తెలుపు సినిమా, రెండు పెద్ద అవార్డులు. ఆ ఊళ్లో అక్షరం వచ్చినవాడు ఒక్కడే. చేలో పాడుకునే ఆడవాళ్ల పాటలన్నీ రాసుకుని, పట్నం వెళ్లి తనవని చెప్పుకుంటాడు. ఒక ఆడమనిషి ఊరుకుంటుంది. ఊరుకుని ఒక కొత్త పాట కడుతుంది. బావ చేతికి అద్దమిచ్చినంత పని చేశాను. అయినా ఆయన అందులో మొహం చూసుకోడని నాకు తెలుసు.

ఆ తర్వాత ముల్లు పెట్టాను. సీడ్ పత్తిలో క్రాసింగ్ పని మా దగ్గర పసిపిల్లకు కూడా తెలుసు. సాయంత్రం ఆడ సాళ్లలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని గోటితో ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం పెడతారు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. నా పేజీలో ఆ ఆడమనిషి తెల్లవారుతూనే మొగ్గలు ఒలుస్తుంది, పొద్దుగూకాక పువ్వు అద్దుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని, పాపకు అన్నం పెడుతూ కథలా చెప్పాను. నోట్లో ముద్ద ఉండగానే ఆపేసింది.

"అమ్మా, పొద్దున ఒలుస్తరా ఎవలన్న? పొద్దుమీకి గద ఒలిసేది!"

"సినిమాల గట్లనే ఉంది బిడ్డా."

"ఆ సినిమా తీసినాయనకు తెల్వదు," అంది, అన్నం నములుతూ.

ఆ పేజీ ఫోటో తీయడానికి కూర్చున్న నా భర్త ఈసారి ఎందుకో చదివాడు. వేలు ఒక వరుస మీద ఆగింది.

"గిది తప్పు గద."

"సినిమాల గట్లనే ఉంది," అన్నాను మళ్లీ.

ఆయన నన్ను చూశాడు. అన్నయ్య ఎన్నడైనా చేలో వంగి ఒక్క మొగ్గ ఒలిచాడా అని ఆయనకు నేను గుర్తుచేయాల్సిన పనిలేదు. ఆ మొగ్గలన్నీ ఒలిచింది ఆయనే. ఫోటో తీసి పంపించాడు. ఆవిష్కరణకు హాలు నిండాలి, మీ రైతుల్ని పిలువు అని అన్న అడిగినప్పుడు, "పిలుస్తనే, అందర్ని పిలుస్త," అన్నాడు.

ఆ పేజీ పంపాక ఆవిష్కరణ దాకా పది రోజులూ నాకు అన్నం సహించలేదు. బావ ఆ పేరు ఫోన్‌లో కొట్టి చూస్తే? లేదని తెలిసి ఆ పేజీ తీసేస్తే? నన్నే అబద్ధాలకోరని అంటే? నిజంగా సినిమాలు చూసే మనిషైతే వెతికి చూసేవాడు. చూడనివాడికి వెతకాలని కూడా తోచదని నాకు నేనే చెప్పుకుంటూ, గ్యాస్ కట్టేశానా లేదా అని లేచి చూస్తూ గడిపాను.

ఫంక్షన్ హాలు నిండింది. ముందు వరుసల్లో తెల్ల చొక్కాల రైతులు, వెనక క్రాసింగ్ పనికి వచ్చే ఆడవాళ్లు, పక్కన మా చుట్టాలు. ఉప్మా, చాయ్ అయ్యాయి. బావ శాలువా కప్పించుకుని మైకు దగ్గరికి వచ్చాడు. ఈ పుస్తకంలో తనకు అన్నిటికన్నా ఇష్టమైన వ్యాసం చదువుతానన్నాడు. మన పత్తి రైతుల కోసమే ప్రత్యేకంగా ఎంచుకున్నానన్నాడు. అది "మూడో సాలు" అని పేరు చదివాడు. చిన్నవాణ్ణి గట్టిగా పట్టుకుంటే వాడు "నొప్పమ్మా" అన్నాడు.

"తెల్లవారుజామున మంచు తడిలో ఆమె మొగ్గలు ఒలిచి ఎర్ర కాగితాలు పెడుతుంది. పొద్దుగూకే వేళ మగ పువ్వు తెచ్చి అద్దుతుంది..."

ముందు వరుసలో ఒక తల లేచింది. పక్కవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"సారూ, జర ఆగుండ్రి," అన్నాడు ఒక ముసలి రైతు. "పొద్దున ఒలిసి, పొద్దుమీకి అద్దుతరా?"

"అవును. దృశ్యం అలాగే ఉంది."

"పొద్దుమీకి పువ్వు ఎర్రగయి ముడుసుకుంటది సారూ. అండ్ల పొడి యాడుంటది? కాయెట్ల నిలుస్తది?"

బావ చిరునవ్వు నవ్వాడు. "అది వాళ్ల దేశం పద్ధతి."

"పత్తికి దేశమేంది సారూ!"

హాలు గొల్లుమంది. వెనక నుంచి ఒకామె, "సారు చేన్ల ఎన్నడన్న వంగిండా, నడుము నొప్పి తెల్సా?" అంది. ఇంకాస్త నవ్వారు. వనపర్తి హాల్లో నా మీద నవ్విన నవ్వు నాకు గుర్తొచ్చింది. ఇది అంతకంటే పెద్దది. అదిగో, ఆ మాట రాయడానికే ఈ పొద్దు కూర్చున్నాను.

బావ మొహం మాడింది. "నేను ఈ సినిమాను మూడుసార్లు చూశాను. ఈ కళ్లతో చూశాను," అన్నాడు గట్టిగా.

నేను లేచి నిలబడ్డాను. చిన్నవాడు చంకలోనే ఉన్నాడు.

"యాడ సూసినవ్ బావా?"

"హైదరాబాద్‌ల. ఫిలిం పండుగల."

"సినిమా చివర్ల ఏమైతది?"

ఆయన పుస్తకంలోకి చూశాడు. చివర ఏమవుతుందో నేను రాయలేదు.

"గా సినిమా లేదు బావా. మా వంటింట్ల కూసోని నేను అల్లిన. మిగిలిన నలభై తొమ్మిది ఉన్నయి. గవి సూసింది నేను, రాసింది నేను. నోట్‌బుక్ గిదో."

సంచిలోంచి నోట్‌బుక్ తీసి పైకెత్తి చూపించాను. మైకు ఊరికే గుయ్యిమంటోంది. చుట్టాల వరుసలో నుంచి అక్క, బావ భార్య, పక్కామెతో అన్నట్టు అంది, అందరికీ వినబడింది: "గిన్నె ముచ్చట వీడియోల విన్ననాడే అనుకున్న. కడిగినంక గిన్నె బోర్లిస్తరని ఈయనకెట్ల తెల్సబ్బా అని."

బావ శాలువా తీసి కుర్చీ మీద వేసి వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు. తమ్ముడివైపు చూశాడు. నా భర్త ఉప్మా ప్లేట్లు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు.

ఇంటికి రాగానే మా అత్తమ్మ గడపలోనే నిలదీసింది. "ఇంట్ల అడిగితె కాదా? నలుగుట్ల నా కొడుకు తల దించినవ్ గదనే!"

"నలుగుట్లనే నవ్విండ్రు గద అత్తమ్మా, నన్ను."

"గదేనాటి మాట! ఇంక మనసుల పెట్టుకున్నవా?"

పెట్టుకున్నాను. ఇంట్లో అడిగితే సర్దుకుపోయేదే, అది నిజం. సర్దుకుపోవడమే నాకు వద్దు. అమ్ముడుపోని పుస్తకాల కట్టలు ఇప్పుడు మా వరండాలో విత్తనాల సంచుల పక్కన ఉన్నాయి. ఆయన పేరు మీద దుమ్ము పడుతోంది. వాటిని చూస్తే జాలి కలగాలంటారేమో. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్న ఈ క్షణానికీ నాకు కలగలేదు.

పిల్లల గురించే దిగులు. ఆ సాయంత్రం ఆటోలో పాప రెండుసార్లు అడిగింది, పెద్దనాయన దొంగా అని. బయట చూడు, లారీ వస్తోంది అని మాట మార్చాను. ఆయన దానికి ఏటా పుట్టినరోజుకు పెన్ను కొనిస్తాడు. అదే పెన్నుతో అది ఆ రాత్రి స్కూలుకు "మా అమ్మ చేసే పని" మీద వ్యాసం రాసుకుంది.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడింది. నా భర్త అలవాటుగా ఫోను తీశాడు. తీసినవాడు అలాగే ఆగిపోయాడు.

"పెద్దనాయనకు పంపాల్నా అమ్మా?" అంది పాప.

అప్పుడు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. చిన్నవాడికి అర్థమవుతుందో లేదో తెలియదు, అయినా చెప్పాను.

"పంపొద్దు. ఎవలకు పంపే పనిలేదు. నువ్వు రాసినవ్, కింద నీ పేరు రాయి. పెద్దనాయన నేను రాసినయి తనవని చెప్పుకున్నడు. నేను లేని సినిమా ఉన్నదని రాసిన. రెండూ తప్పే. నాది నేను అందరి ముందర ఒప్పుకున్న, నువ్వు సూసినవ్ గద. ఆయన ఒప్పుకునేదాంక మనం వాళ్లింటికి పోం."

"ఒప్పుకుంటె?"

"ఒప్పుకుంటె అప్పుడు సూద్దం. ఆటో వచ్చింది, చెప్పులేసుకో."